కుర్చీ ఉద్యోగం, గుండె జబ్బు: కదలికనూ తిండినీ ఆఫీసులోనే మార్చడం ఎలా?

సమన్వయ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా టీములో ఒకాయన గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, వచ్చే సోమవారం మళ్లీ పనిలో చేరుతున్నారు. ఇంకొకావిడకి ఎప్పటినుంచో గుండె జబ్బు ఉంది, మందుల మీద నడుస్తోంది. మా పనంతా కంప్యూటర్ ముందే. మొన్న ఫోన్ చేస్తే ఆయన అన్నమాట: "ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు, నడవమన్నారు, ఉప్పూ కొవ్వూ తగ్గించమన్నారు. కూర్చోవడమే ఉద్యోగమైనవాణ్ని, ఇదంతా ఎక్కడ చెయ్యను?" నాకు వెంటనే జవాబు తోచలేదు.

డాక్టర్ చెప్పాల్సిన మాటలు మిమ్మల్ని అడగడం లేదు. నా చేతిలో ఉన్నవి కొన్నే: మీటింగులు ఎప్పుడు పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి, వాటిలో తినడానికి ఏం ఉంచాలి, ఎవరి పని ఎలా పంచాలి. వీటిని వాడుకుని వాళ్లిద్దరికీ ఎలా తోడ్పడగలనో చెప్పండి. ఒక్కటి మాత్రం ముందే అంటున్నాను. వాళ్లని పదిమందిలో రోగులుగా నిలబెట్టే పని ఏదీ నాకు వద్దు.

రిహాబ్_ఫిజియో

సమన్వయ గారూ, మీ చివరి మాట చాలా అవసరమైనది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. గుండె రోగుల వ్యాయామ పునరావాసంలో పనిచేస్తాను కాబట్టి ముందు నా వైపు నుంచి.

గుండె జబ్బు అని ఒక్క పేరు పెట్టేస్తాం కానీ అందరికీ ఒకే కొలత కుదరదు. స్టెంటు వేసి రక్తనాళం తెరిచిన మనిషి, ఛాతీ తెరిచి బైపాస్ చేయించుకున్న మనిషి, గుండె పంపింగ్ తగ్గిన మనిషి, గుండె లయ తప్పే మనిషి, నలుగురికీ నాలుగు హద్దులు. బైపాస్ అయినవాళ్లకి ఛాతీ ఎముక అతుక్కునే వరకు, అంటే సుమారు 6 నుంచి 12 వారాలు, బరువులెత్తడం, గట్టిగా తోయడం, లాగడం కుదరదు. అందుకని మీ టీము ఆయన మొదట డాక్టర్ని అడగాల్సినవి: ఎంత వేగంతో నడవొచ్చు? మెట్లు ఎక్కొచ్చా? ఎంత బరువు ఎత్తొచ్చు? ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి? కార్డియాక్ రిహాబ్ (గుండె రోగుల పునరావాస శిక్షణ) అందుబాటులో ఉందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఉందని ఎవరూ చెప్పరు కూడా. వ్యాయామం కేంద్రంగా సాగే రిహాబ్ గుండె జబ్బుతో చనిపోయే ముప్పునీ, మళ్లీ ఆసుపత్రి పాలయ్యే అవకాశాన్నీ తగ్గిస్తుందని ఎన్నో పరీక్షలు కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. మీరు చేయగల మొదటి సాయం ఇక్కడే ఉంది. రిహాబ్‌కి వెళ్లే వేళల్లో ఆయనకి పని పెట్టకండి.

ఇక ఎంత శ్రమ పడొచ్చన్నది. చాలామంది వాచీలో నాడి చూసుకుంటారు. బీటా బ్లాకర్ వాడేవాళ్లకి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే ఆ మందు పనే నాడిని తగ్గించి ఉంచడం. అంకె తక్కువ కనిపిస్తోందని ఇంకా ఇంకా శ్రమ పడితే ప్రమాదం. మాట పరీక్ష మేలు: నడుస్తూ వాక్యాలు తడబడకుండా మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక మాత్రం ఉండకూడదు. మాట మధ్యలో ఊపిరికోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించాలి. శ్రమ ఎంతగా అనిపిస్తోందో రోగే అంకెలో చెప్పే బోర్గ్ స్కేలు కూడా మేం వాడతాం. అది 6 నుంచి 20 వరకు ఉంటుంది. మొదట్లో 11 నుంచి 13 మధ్య, అంటే 'తేలిక' నుంచి 'కాస్త కష్టం' వరకు, ఉంటే చాలు.

ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం, చల్లని చెమట, కళ్లు తిరగడం: వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసిచ్చి ఉంటే కూర్చునే వాడాలి, నిలబడి వాడితే బీపీ పడిపోవచ్చు. ఆగిన కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే అత్యవసర సేవలకి ఫోన్ చెయ్యాలి. 'మీటింగ్ అయ్యాక చూద్దాం' అనుకోవద్దు.

నిదానం

నేను బైపాస్ మనిషిని. ఖాతాల విభాగంలో పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచే ఉద్యోగం.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంటి దగ్గర నడిచినంతకాలం బాగానే నడిచాను. ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టగానే నడక పోయింది. బద్ధకం వల్ల కాదు. పక్కనున్నవాళ్లు తల వంచుకుని పనిచేస్తుంటే నేనొక్కణ్నే లేచి వరండాలో అటూ ఇటూ తిరగడం ఎంతో ఇబ్బందిగా ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ప్రతిసారీ ఏదో కారణం చెప్పుకుని లేవాల్సి వచ్చినట్టుండేది.

అది మారింది మా పై అధికారి చేసిన చిన్న పనితో. కాగితాల మీద సంతకాలు, చిన్న సందేహాలు, ఇవన్నీ మెసేజీల్లో కాకుండా మనిషి దగ్గరికి వెళ్లి తేల్చుకుందామని విభాగమంతటికీ చెప్పారు. నా పేరు ఎక్కడా రాలేదు. అప్పటినుంచి లేవడం నా పనిలో భాగమైపోయింది. సమన్వయ గారూ, నేను చెప్పేది ఇంతే: ఆయనకి 'నువ్వు కదలాలి' అని చెప్పకండి, అందరూ కదలాల్సి వచ్చేలా పని మార్చండి.

లెక్కలమనిషి

నిదానం గారు చెప్పినదానికి పాత ఆధారమే ఉంది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద జెర్రీ మోరిస్ బృందం చేసిన అధ్యయనం 1953లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లలో గుండె ధమనుల జబ్బు తక్కువగా కనిపించింది. తపాలా శాఖలో తిరిగి ఉత్తరాలు పంచేవాళ్లకీ, బల్ల దగ్గర కూర్చునేవాళ్లకీ మధ్య కూడా ఇలాంటి తేడాయే చూశారు. ఆ కండక్టర్లు వ్యాయామం చెయ్యాలని పూనుకున్నవాళ్లు కారు. వాళ్ల ఉద్యోగమే వాళ్లని కదిలించింది. (డ్రైవర్లకీ కండక్టర్లకీ మధ్య ఉద్యోగంలో చేరేటప్పటికే ఒంటి తీరులో తేడాలున్నాయని తర్వాత మోరిస్ బృందమే పరిశీలించింది. కాబట్టి తేడా అంతా కదలికదే అనలేం. దిశ మాత్రం అదే.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దలకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, వారానికి కనీసం 2 రోజులు కండరాలకి పని. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకీ, ఒంటికి కుదిరినంతవరకు, ఇదే. అంతకుముందు 2010 నాటి సూచనల్లో 'ఒక విడతకి కనీసం 10 నిమిషాలు' అనే షరతు ఉండేది. 2020లో దాన్ని తీసేశారు. ఆఫీసు మనిషికి ఇది పెద్ద ఊరట. ప్రింటర్ దాకా 2 నిమిషాలు నడిచినా లెక్కలోకి వస్తుంది.

ఇంకో సంగతి. 2016లో లాన్సెట్‌లో 10 లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూశారు. రోజుకి 8 గంటలకి మించి కూర్చునేవాళ్లలో పెరిగే మరణ ముప్పు, రోజుకి 60 నుంచి 75 నిమిషాల మధ్యస్థ శ్రమ చేసేవాళ్లలో దాదాపు కనిపించలేదు. గుండె రోగి మొదటిరోజే 75 నిమిషాలు నడవాలని దీని అర్థం కాదు. కూర్చునే ఉద్యోగం చేసినంత మాత్రాన దారి మూసుకుపోలేదని చెప్పడానికే ఇది రాశాను.

సమన్వయ

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు ఆలోచనలు వచ్చాయి, మీరేమంటారు? ఒకటి, టీములో అడుగుల పోటీ పెట్టడం: రోజుకి 10,000 అడుగులు, వారం చివర ఎక్కువ నడిచినవారికి బహుమతి. రెండోది, నిలబడి పనిచేసుకునే ఎత్తు మార్చే బల్లలు కావాలని సంస్థని అడగడం.

నిదానం

పోటీ వద్దండీ, దయచేసి. పోటీలో వెనకబడినవాడు మానేస్తాడు, ముందుండాలనుకున్నవాడు ఒంటి మాట వినడు. గుండె రోగికి రెండూ నష్టమే. పైగా గోడ మీద అందరి అడుగులూ రాస్తే, ఆయన ఎందుకు తక్కువ నడిచారో పదిమందికీ తెలిసిపోతుంది. మీరు వద్దనుకున్నది సరిగ్గా అదే కదా.

లెక్కలమనిషి

10,000 అనే అంకె ఏ వైద్య పరిశోధనలోంచీ రాలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరంతో ప్రచారంలోకి వచ్చింది. 2022లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన సమీక్షలో, 60 దాటినవాళ్లకి రోజుకి 6,000 నుంచి 8,000 అడుగుల దగ్గర, అంతకన్నా చిన్నవాళ్లకి 8,000 నుంచి 10,000 దగ్గర మరణ ముప్పు తగ్గడం ఆగి నిలకడగా కనిపించింది. అతి తక్కువ నడిచేవాళ్లు కాస్త పెంచినా లాభం కనిపించింది. అందుకే ఎవరి అడుగులు వాళ్ల నిన్నటి అడుగులతో పోల్చుకుంటే చాలు.

బల్లల గురించి. ఇంగ్లండ్‌లో స్థానిక పాలనా సంస్థల కార్యాలయాల్లో జరిగిన ఒక పెద్ద పరీక్ష 2022లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. ప్రోత్సాహం, శిక్షణ మాత్రమే ఇచ్చిన గుంపులో ఏడాది తర్వాత కూర్చునే సమయం రోజుకి 22 నిమిషాలు తగ్గింది. దానికి ఎత్తు మార్చే బల్ల కూడా తోడైన గుంపులో 64 నిమిషాల వరకు తగ్గింది. కాబట్టి బల్ల ఉపయోగపడుతుంది. కానీ నిలబడటం నడకకి బదులు కాదు. కూర్చున్నప్పటికీ నిలబడినప్పటికీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో తేడా చాలా తక్కువ.

రిహాబ్_ఫిజియో

ఒప్పుకుంటాను. ఒక హెచ్చరిక కూడా. బీపీ మందులూ, ఒంట్లో నీరు తీసే మందులూ వాడేవాళ్లు కదలకుండా చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి కళ్లు తిరగొచ్చు. గభాలున లేచినా అంతే. లేచే ముందు మడమలూ వేళ్లూ పైకీ కిందకీ ఓ పదిసార్లు ఆడించి, బల్ల పట్టుకుని లేచి, ఒక్క క్షణం ఆగి అడుగెయ్యాలి. బల్ల ఉంటే మంచిదే. దాని ముందు ఒక చోటే పాతుకుపోకుండా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుస్తూ ఉండాలి.

రాత్రిపాళీ

చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు స్టెంటు ఉంది. హెడ్‌సెట్ పెట్టుకుని వరసగా ఫోన్లు అందుకునే పని, అదీ రాత్రి వేళ. సీట్లోంచి లేస్తే సిస్టమ్‌లో ఎర్ర గీత పడుతుంది. 'ప్రింటర్ దాకా నడవండి', 'మనిషి దగ్గరికి వెళ్లండి' అనేవి మాకు లేవు. విరామం ఇంత అని కొలిచి ఇస్తారు, అది తిండికే సరిపోదు. మాలాంటివాళ్లకి ఏం చెప్తారు?

రిహాబ్_ఫిజియో

రాత్రిపాళీ గారూ, మీరు రాసినందుకు సంతోషం. ఇలాంటి చర్చల్లో మీ స్థితి ఎప్పుడూ మరుగునపడిపోతుంది.

కుర్చీలో ఉన్నచోటే చేయగలిగినవి ఉన్నాయి. ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య మడమలు లేపి దించడం. మోకాలు చాచి ఓ క్షణం నిలిపి దించడం. భుజాలు వెనక్కి తిప్పడం. హెడ్‌సెట్ తీగ ఆనినంతవరకు లేచి నిలబడి, నెమ్మదిగా మళ్లీ కూర్చోవడం. ఇది చిన్నగా కనిపించినా తొడ కండరాలకి మంచి పని. చేతులతో తోసుకోకుండా లేవగలిగితే ఇంకా మంచిది. లేచేటప్పుడు ఊపిరి వదలండి, బిగపట్టొద్దు. ఊపిరి బిగపట్టి కండరాలు బిగిస్తే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. చక్రాల కుర్చీ అయితే జాగ్రత్త, వెనక గోడకి ఆనించుకోండి.

విరామంలో ముందు నడక, తర్వాత తిండి. బరువుగా తిన్న వెంటనే వేగంగా నడిస్తే గుండె మీద రెండు పనులు ఒక్కసారే పడతాయి, ఆంజినా (గుండెకి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) ఉన్నవాళ్లకి నొప్పి అప్పుడే వస్తుంది. వేగంగా నడిచినప్పుడు ఉన్నట్టుండి ఆగొద్దు, చివర్లో కాసేపు మెల్లగా నడిచి ఆగండి.

మీ గీత సంగతి మాత్రం మీరు ఒంటరిగా తేల్చుకోగలిగేది కాదు. గంటకి కొద్ది నిమిషాల కదలిక అవసరమని డాక్టర్ చేత రాయించుకుని, విరామాన్ని ఒక్క పెద్ద ముక్కగా కాకుండా చిన్న చిన్నగా విడగొట్టి ఇమ్మని అడగండి. మొత్తం సమయం మారదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

లెక్కలమనిషి

ఆ కాగితానికి తోడుగా ఒకటి. 2023లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రతి 30 నిమిషాలకీ 5 నిమిషాల మెల్లని నడక పెట్టి చూశారు. రోజంతా కూర్చున్న రోజుతో పోలిస్తే బీపీ 4, 5 పాయింట్లు తగ్గింది, భోజనం తర్వాత షుగర్ పెరగడమూ బాగా తగ్గింది. పాల్గొన్నది 11 మందే, వాళ్లు గుండె రోగులూ కారు. కాబట్టి దీన్ని కొలమానంగా పట్టుకోవద్దు. కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంపడం వల్ల ఆరోజుకారోజే ఫలితం ఉంటుందని మాత్రం చూపిస్తుంది.

పోషణ_లెక్క

ఇప్పటిదాకా నడక మీదే మాట నడిచింది, తిండి దగ్గరికి వద్దాం. గుండె రోగులకి ఆహార సలహాలివ్వడం నా వృత్తి.

ముందు ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకి మించకూడదు. ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైనే. ఇంట్లో వంటలో ఉప్పు తగ్గించుకున్నవాళ్లకి ఆఫీసులో దొంగదారిన వచ్చేది పొట్లాల్లోంచి: కరకరలాడే చిరుతిళ్లు, బిస్కెట్లు, రొట్టెలు, నూడిల్స్, సూప్ పొడులు, సాస్‌లు. పొట్లం మీద సోడియం అని రాసి ఉంటే ఆ అంకెని 2.5తో గుణించండి, ఉప్పు ఎంతో వస్తుంది. 100 గ్రాముల్లో 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు, రోజు హద్దులో ఐదింట రెండు వంతులు. తియ్యటి బిస్కెట్లోనూ ఉప్పు ఉంటుందని చాలామందికి తెలియదు. ఇంకో మాట, అంకె 100 గ్రాములకా, ఒక వడ్డనకా అన్నది తప్పకుండా చూడండి. వడ్డన అంటే కొన్నిసార్లు పొట్లంలో మూడో వంతే.

కొవ్వు విషయంలో 'నూనె మానెయ్' అని చెప్పి పంపేస్తారు. అది సగం మాటే. ఏ కొవ్వు అన్నది ముఖ్యం. మాంసం, వెన్న, మీగడల్లో ఉండే సంతృప్త కొవ్వు తగ్గాలి. పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనెల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు అసలే వద్దు. ఉప్పు లేని గింజలూ, పప్పుధాన్యాలూ, చేపలూ, గది వేడిలో ద్రవంగానే ఉండే గింజల నూనెలూ కొలతతో ఉండొచ్చు. స్పెయిన్‌లోని కోర్డోబాలో ధమనుల జబ్బున్న 1,002 మందిని 7 ఏళ్లపాటు గమనించిన పరీక్ష 2022లో వెలువడింది. మొత్తం కొవ్వు తగ్గించిన తిండి తిన్నవాళ్ల కంటే కూరగాయలు, పండ్లు, పప్పులు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె ఉన్న మధ్యధరా పద్ధతిలో తిన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా వచ్చాయి.

సమన్వయ గారూ, మీ చేతిలో ఉన్నది మీటింగు బల్ల. దాని మీద పొట్లాల బదులు కోసిన పండ్లూ, ఉప్పు లేని గింజలూ, చక్కెర కలపని పానీయాలూ, నీళ్లూ పెట్టించండి, అందరికీ అవే. ఒక మూల మీ టీము ఆయనకోసం విడిగా పళ్లెం పెడితే దాని మీద పేరు రాసినట్టే.

మౌనచదువరి

పోషణ_లెక్క గారి చివరి వాక్యం చదివాక రాయాలనిపించింది. నా గుండె జబ్బు సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. చెప్పను కూడా. చెప్తే పెద్ద పనులు నా దాకా రావు, పదోన్నతి మాటెత్తితే 'ఆరోగ్యం చూసుకోండి' అంటారన్న భయం. పుట్టినరోజు కేకు ముక్క వద్దంటే 'ఏం, షుగరా?' అని నవ్వుతారు. ఆ నవ్వు దాటలేక తినేస్తుంటాను. కదలడమైనా, వద్దనడమైనా నాకు కష్టం ఒంట్లో లేదు, చుట్టూ ఉన్నవాళ్ల చూపుల్లో ఉంది.

నిదానం

మౌనచదువరి గారూ, మీ మాట నాకు పూర్తిగా అర్థమైంది. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. నా మనవి ఒక్కటే, కనీసం ఒక్కరికి చెప్పి ఉంచండి. మీ మందులు ఏ సొరుగులో ఉన్నాయో, ఏ ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలో తెలిసిన ఒక్క మనిషి. అది పై అధికారే కానక్కర్లేదు.

కేకు సంగతి: 'ఇప్పుడే తిన్నానండి, ఇంటికి తీసుకెళ్తాను' అని చేతిలోకి తీసుకుంటే ఎవరూ రెట్టించరు.

తోడునీడ

మా ఆయనకి గుండె పంపింగ్ తగ్గింది. ఇంటి నుంచే పనిచేస్తారు. ఆఫీసు కన్నా ఇల్లే మేలనుకున్నాం కానీ ఇక్కడ ఇంకా కదలిక లేదు. పడకగది నుంచి బల్లకి, బల్ల నుంచి పడకగదికి. నేను లేవమంటే విసుక్కుంటారు, అనకపోతే నాకు నిద్ర పట్టదు. 'ఉప్పు ఎక్కువైందా, మందు వేసుకున్నారా, నడిచారా' అని రోజంతా పోలీసులా అడగడం నాకే బాగోలేదు. పైగా కొన్ని రోజులు ఆయనకి నిజంగానే ఓపిక ఉండదు. ఏది బద్ధకమో ఏది జబ్బో తెలియడం లేదు.

రిహాబ్_ఫిజియో

తోడునీడ గారూ, పంపింగ్ తగ్గినవాళ్లకి అలసట జబ్బులో భాగం. దాన్ని బద్ధకంగా చూడకండి, ఆయన్నీ చూడనివ్వకండి. వీళ్లకి రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టల్లో బరువు చూసుకోవడం ముఖ్యం. 3 రోజుల్లో 2 కిలోలకి మించి పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు. డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం, దిండ్లు ఎక్కువ పెట్టుకోవాల్సి రావడం కూడా అంతే. అలాంటి రోజున నడక పెంచొద్దు. బరువు నిలకడగా ఉండి, కేవలం ఓపిక తక్కువగా ఉంటే 3, 4 నిమిషాల నడకలు రోజులో చాలాసార్లు. అవి నడిచాక ఇంకా అలసిపోతే కాసేపు పడుకోనివ్వండి.

గుండె జబ్బు తర్వాత మనసు కుంగిపోవడం చాలామందిలో ఉంటుంది. దేని మీదా ఆసక్తి లేకపోవడం, చిరాకు, నిద్ర చెదరడం వారాల తరబడి ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి. కదలకపోవడానికి అదే అసలు కారణం కావొచ్చు, దానికి చికిత్స ఉంది.

పోషణ_లెక్క

తోడునీడ గారికి నా నుంచి రెండు మాటలు. నీళ్లు ఎంత తాగాలో ఆయన డాక్టర్ చెప్పి ఉంటే ఆ హద్దే పాటించండి. 'రోజుకి ఇన్ని లీటర్లు తాగాలి' అని అందరికీ చెప్పే సలహా ఆయనకి కాదు. రెండోది, ఉప్పుకి బదులని అమ్మే పొటాషియం ఉప్పు మీకై మీరు కొనకండి. చైనాలో జరిగిన పెద్ద పరీక్షలో, 2021లో వచ్చింది, అలాంటి ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం తగ్గిన మాట నిజమే. కానీ గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి ఇచ్చే కొన్ని మందులు ఒంట్లో పొటాషియంని పెంచుతాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మరీనూ. పొటాషియం హద్దు దాటితే గుండె లయే తప్పుతుంది.

ఇదే వరసలో అందరికీ: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు మానెయ్యక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు లేకుండా, మరో వారం రోజూ తింటే రక్త పరీక్ష ఊగిసలాడుతుంది. సిమ్వస్టాటిన్, అటోర్వస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ రసం గురించి డాక్టర్ని అడగాలి.

అడగడం గురించి. రోజంతా అడగకండమ్మా. పడుకునే ముందు ఇద్దరూ కలిసి రేపటి సంగతి రెండు ముక్కల్లో అనుకోండి: 'పదింటి మీటింగ్ అవగానే వరండా చివరిదాకా', 'నాలుగింటికి పండు'. ఎప్పుడు, ఎక్కడ, ఏం అన్నది ముందే ఖాయమైతే ఆ వేళకి మళ్లీ నిర్ణయించుకోవాల్సిన పని ఉండదు, మీరు గుర్తుచెయ్యాల్సిన పనీ తగ్గుతుంది. వీలైతే ఆ నడక మీరూ కలిసి నడవండి.

తోడునీడ

బరువు సంగతి ఎవరూ ఇంత విడమర్చి చెప్పలేదు. రేపటి నుంచే రాసిపెడతాను. ధన్యవాదాలు.

సమన్వయ

మీ అందరి మాటలూ విన్నాక సోమవారం నుంచి చేయబోయేవి ఇవి. తప్పుంటే చెప్పండి.

గంట మీటింగులన్నీ 50 నిమిషాలకి, అరగంటవి 25 నిమిషాలకి తగ్గిస్తున్నాను. మిగిలిన సమయంలో ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు. ఇద్దరే మాట్లాడుకోవాల్సినవి, తెర అక్కర్లేనివి నడుస్తూ మాట్లాడుకోవచ్చు, బలవంతం లేదు. భోజనం వేళ మీద ఏ మీటింగూ పడకూడదు. పోషణ_లెక్క గారు చెప్పినట్టే మీటింగు బల్ల అందరికీ ఒకటే. అడుగుల పోటీ వదిలేశాను. ఇవన్నీ టీము మొత్తానికి వర్తించే పద్ధతులుగా పంపిస్తాను, ఎవరి ఆరోగ్యం ప్రస్తావనా ఉండదు. మా టీము ఆయన్ని మాత్రం విడిగా పిలిచి, రిహాబ్ వేళలు అడిగి, వాటిని ముందే ఖాళీ ఉంచుతాను.

ఒక సందేహం. ఆయన ఆఫీసులో కుప్పకూలితే? ఈ ఆలోచన రాగానే నాకు చేతులు చల్లబడ్డాయి.

రిహాబ్_ఫిజియో

ఆ సందేహం రావడమే మంచిది. ఆయన గురించే కాదు, ఆఫీసులో ఎవరికైనా జరగొచ్చు కాబట్టి దీన్ని కూడా అందరి శిక్షణగానే పెట్టండి. మనిషి స్పృహ తప్పి, పిలిచినా పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే: ఒకరు అత్యవసర సేవలకి ఫోన్, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. మీ భవనంలో ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) ఉందా, ఏ అంతస్తులో, ఆ గదికి తాళం ఎవరి దగ్గర, ఇవి రేపే కనుక్కోండి. సాయం అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. తాళం వెతుక్కునే సమయం ఉండదు. ఆ యంత్రం ఏం చెయ్యాలో పైకే చెప్తుంది, అవసరమైతేనే షాక్ ఇస్తుంది. తెలియనివాళ్లు వాడినా హాని చెయ్యదు.

రాత్రిపాళీ

చిన్న సంగతి చెప్పడానికి వచ్చాను. డాక్టర్ కాగితం రాసిచ్చారు. విరామాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టుకోవచ్చన్నారు, నాకు ఒక్కడికే కాదు, కావాలన్నవాళ్లందరికీ. గీత పడకుండా సిస్టమ్‌లో కొత్త కోడ్ పెట్టారు. తిండి మాత్రం ఇంకా కుదరలేదు. రాత్రి రెండింటికి ఆకలేస్తుంది, యంత్రంలో దొరికేవి అన్నీ ఉప్పూ చక్కెరే. పోషణ_లెక్క గారూ, ఆ వేళకి ఏం తినొచ్చు?

పోషణ_లెక్క

శుభవార్త చెప్పారు. పెద్ద భోజనాన్ని పాళీ మొదలవకముందే ముగించండి. అర్ధరాత్రి ఒంటికి అరుగుదల మందం, షుగరూ కొవ్వూ పగటిలా అదుపులో ఉండవు. రెండింటికి ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న డబ్బా చాలు: ఉప్పు వెయ్యకుండా ఉడికించిన పప్పుగింజలు గుప్పెడు, ఒక పండు. లేదా చక్కెర కలపని పెరుగు, నాలుగు గింజలు. టీ, కాఫీలు పాళీ మొదటి సగంలోనే ఆపెయ్యండి, లేకపోతే పొద్దున నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు ఆకలీ బీపీ రెండూ పెరుగుతాయి. డబ్బాని యంత్రం కన్నా దగ్గరగా, మీ సొరుగులోనే పెట్టుకోండి. పాళీ మారే రోజుల్లో మందుల వేళలు ఎలా జరపాలో మాత్రం మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి.